అత్తగారి దగ్గర కుడి మలుపు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మా ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి జాడీ మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఆక్లండ్ వాతావరణంలో గోంగూర ఎంత బతిమాలితే మొలుస్తుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటి పచ్చడి మీద ఒట్టు పెట్టి అబద్ధం ఆడితే నాకు రేపటి నుంచి పెరుగన్నంలోకి ఏమీ ఉండదు. "ఈయన చెప్పేదాంట్లో రూపాయికి పావలా నమ్మితే చాలు" అని నా గురించి అనేవాళ్ళు ఈ ఒక్కసారికి రూపాయి మొత్తం నమ్మండి.

నేను ఉద్యోగం మానేసి ఏడాది కావస్తోంది. రిటైరయ్యే వయసు కాదు గానీ, ఆఫీసులో కుర్రవాళ్ళు నా పాత స్ప్రెడ్‌షీట్లను మ్యూజియంలో వస్తువుల్లా వంగి చూడటం మొదలుపెట్టాక ఇంట్లో ఉండటమే మర్యాద అనిపించింది. ఇన్నేళ్ళూ నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, జనం సిగ్నళ్ళ దగ్గర ఎంతసేపు విసుక్కుంటారో లెక్కగట్టడం. తెనాలి నుంచి సివిల్ ఇంజనీరు వెళ్ళాడు కదా, అక్కడ వంతెనలు కడుతుంటాడని మావాళ్ళు అనుకున్నారు. "అక్కడ ఏం కట్టావురా?" అని ఓసారి మా మేనమామ అడిగితే, "ఏమీ కట్టలేదు మామయ్యా, ఆగిన కార్లను లెక్కపెట్టాను" అన్నాను. ఆయన ఆ సంగతి ఊళ్ళో ఇంకెవరికీ పొక్కనివ్వలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య ఫోన్లు చేసి, "అంకుల్, డిలే ఎస్టిమేషన్‌లో మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి" అంటున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సూత్రాలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో లేనిది చెబుతాను.

ఇక్కడ కూడా మన ఊళ్ళో లాగే రోడ్డుకి ఎడమ పక్కనే నడుపుతాం. అందువల్ల ఎడమకు తిరగడం తేలిక, కుడికి తిరగడం పరీక్ష. చాలా సిగ్నళ్ళ దగ్గర కుడికి విడిగా బాణం గుర్తు ఉండదు. మనకు పచ్చ దీపం పడినప్పుడే ఎదుటివాళ్ళకూ పచ్చ పడుతుంది. వాళ్ళు వరసగా వస్తుంటారు. ఆ వరసలో సందు దొరికితే తిరగాలి, లేకపోతే నిలబడాలి. అలా నిలబడే సమయం ఎంతో ముందుగా అంచనా వేయడమే మా పని. ఎదుటి కార్లెన్నో లెక్కపెట్టొచ్చు. పచ్చ ఎంతసేపు ఉంటుందో కొలవచ్చు. కష్టమల్లా ఒక్కదానితోనే. ఎంత సందు కనిపిస్తే మనిషి తిరగడానికి సాహసిస్తాడు? పుస్తకాల్లో దానికొక అంకె ఇచ్చి, ఇంగ్లీషులో ఒక గంభీరమైన పేరు పెట్టారు. నేను దానికి 'తెగింపు' అని పేరు పెట్టాను.

ఆ పేరు మొదట నాకూ, మా ఆఫీసులో పనిచేసే నిజామాబాద్ అమ్మాయికీ మధ్యనే ఉండేది. తర్వాత మా బాస్ చెవిన పడింది. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన అసలు సిసలు కివీ. చలికాలం కూడా నిక్కరుతోనే ఆఫీసుకు వచ్చేవాడు. "ఈ జంక్షన్‌కి టెగింపూ ఎంత వేశావు?" అని ఆయన మీటింగుల్లో అడగడం, బయటినుంచి వచ్చినవాళ్ళు అదేదో కొత్త సిద్ధాంతం అనుకుని రాసుకోవడం మామూలైపోయింది. ఆయనకు ఇంకో అలవాటుండేది. పైకప్పు కారుతున్నా, ప్రింటరు కాగితాలు నమిలేస్తున్నా "షీ'ల్ బీ రైట్" అనేవాడు. ఇక్కడివాళ్ళ ఊతపదం అది. అంతా సర్దుకుంటుందిలే అని అర్థం. అందులో 'షీ' అంటే ఫలానా ఆవిడ అని కాదు, ప్రపంచం మొత్తం. నాకు అది అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. మొదట్లో ఆయన ప్రింటరును ఆడమనిషిగా చూస్తున్నాడనుకున్నాను.

అసలు కథకొస్తాను. ఊరికి దక్షిణాన పాపకూర అనే పేట వైపు ఒక జంక్షన్ ఉంది. లైసెన్సు టెస్టులు పెట్టే ఆఫీసు దానికి దగ్గర. కుడికి తిరగాల్సిన కార్లు అక్కడ ఆగి ఆగి, వరస పెరిగి, తిన్నగా వెళ్ళాల్సినవాళ్ళకు కూడా అడ్డం పడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. కుడి మలుపును కొంతకాలం నిషేధించి చూద్దామా అని అధికారులకు ఆలోచన వచ్చింది. 'కుడికి తిరగరాదు' అని బోర్డు పెడితే సరిపోతుంది, పెద్ద ఖర్చు కూడా ఉండదు. కాకపోతే ఆ మలుపు లోపల ఉన్న ఇళ్ళవాళ్ళందరూ ఊరు చుట్టి రావాలి. ఆలస్యం నిజంగా అంత ఉందా, లేదా అని తేల్చి చెప్పే పని మాకు వచ్చింది. ఉందని మేం రాస్తే వారం తిరిగేసరికి బోర్డు పడుతుంది.

ఆ జంక్షన్‌కి నంబరే తప్ప పేరు లేదు. మన ఆడవాళ్ళు మాత్రం ఒక పేరు పెట్టుకున్నారు. దాన్ని 'అత్తగారు' అనేవాళ్ళు. గుడిలో, పుట్టినరోజు పార్టీల్లో నా చెవులతో విన్నాను. "నిన్న అత్తగారు ఎంతసేపు నిలబెట్టింది వదినా?" "మూడు పచ్చలు పోయాయి అక్కా, నన్ను మాత్రం పోనివ్వలేదు." లైసెన్సు టెస్టు దారి ఆ మలుపు మీదుగా పోతుంది మరి. ఎంత బాగా నడిపినా అక్కడ తడబడితే పోయినట్టే. అక్కడ ఆగిన ఒక కారు మీద సీగల్ పక్షి వచ్చి వాలి, రెక్కల్లో తల పెట్టుకుని నిద్రపోవడం నేను కళ్ళారా చూశాను. నవ్వకండి. గోంగూర జాడీ పక్కనే ఉంది.

మా ఆవిడ ఆ అత్తగారి చేతిలో రెండుసార్లు ఓడింది.

గుంటూరులో పదేళ్ళు స్కూటర్ నడిపిన మనిషి ఆవిడ. బ్రేకు కంటే హారన్ మీద నమ్మకం ఎక్కువ. ఈ దేశం వచ్చాక మొదట వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్‌లో ఉన్నాం. అక్కడ రైలు దాదాపు ఇంటి గుమ్మంలోకి వచ్చేది, కారు నేర్చుకోవాల్సిన అవసరమే పడలేదు. తర్వాత ఆక్లండ్‌లో ఈ ఫ్లాట్ బుష్‌కి మారాం. ఇక్కడ పాల సీసా కావాలన్నా కారు తీయాల్సిందే. చాలాకాలం నేనే తిప్పాను. ఆవిడకు మాత్రం ఉద్యోగం చేయాలని ఉండేది. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించి, మందులు వేయించి, కాసేపు కబుర్లు చెప్పి వచ్చే పని. దానికి శిక్షణ తీసుకుంది. ఇంటర్వ్యూలో నెగ్గింది. తీరా వాళ్ళు ఒక షరతు పెట్టారు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరగాలి కాబట్టి, ఒంటరిగా నడిపే లైసెన్సు నెలాఖరులోగా చేతిలో ఉండాలి. లేకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తారు.

మొదటిసారి టెస్టులో తెల్లగీత దాటకుండా నిలబడింది. పచ్చ వచ్చిపోయింది, మళ్ళీ వచ్చిపోయింది. పక్కన కూర్చున్న పరీక్షకుడు 'సంకోచం ఎక్కువ' అని రాశాడు. రెండోసారి, ఎదుట ఒకాయన మర్యాదగా ఆగి రమ్మని చెయ్యి ఊపాడు. ఈవిడ వెంటనే తిప్పింది. అవతలి వరసలో వస్తున్న కారుకు ఆ మర్యాద సంగతి తెలియదు కదా. గుద్దుకోలేదు గానీ టెస్టు అక్కడితో ముగిసింది. ఒకసారి తెగింపు చాలక, ఒకసారి ఎక్కువై. మూడో టెస్టు తేదీ నెలాఖరుకు ముందు వారంలో దొరికింది. ఇక అదే ఆఖరిది.

మధ్యలో నేర్పింది ఎవరు? నేనే. కుడి మలుపుల్లో ఆలస్యం అనే విషయం మీద ఇన్ని రిపోర్టులు రాసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళకు డబ్బులెందుకని నేనే అన్నాను.

"ఇప్పుడు వెళ్ళొచ్చు. ఇప్పుడు. అయ్యో, వెళ్ళొచ్చన్నాను కదా. సరే, ఇప్పుడొద్దు."

"మీరు ముందు ఒక మాట మీద నిలబడండి, తర్వాత నేను కదులుతాను" అనేది ఆవిడ.

పది రోజులు తిరక్కుండానే మా పాఠాలు ఆగిపోయాయి. జంక్షన్ పని మా ఆఫీసుకు వచ్చిందని చెప్పిన రోజు ఆవిడ ముఖం వెలిగింది. "అంటే మీరు రాస్తే అక్కడ బోర్డు పెట్టేస్తారా?"

"నేను రాస్తే కాదు. లెక్క తేలితే."

"లెక్క మీ చేతిలోదే కదా. ఆ బోర్డు పడ్డాకే నేను టెస్టుకి వెళతాను. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టుకోను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. టెస్టు దారిలో ఆ మలుపు లేకపోతే ఆవిడ పాసవడానికి అడ్డేమీ లేదు. నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

స్తంభానికి కెమెరా కట్టి కొన్ని రోజులు వీడియో తీయించాం. ఒక పక్క సాఫ్ట్‌వేర్ అంచనా, ఇంకో పక్క వీడియోలో కొలిచిన నిజం. రెండూ దగ్గర దగ్గరగా రావాలి. అవి ఒకదాన్నొకటి పలకరించుకునేటంత దూరంలో కూడా లేవు. సాఫ్ట్‌వేర్ ప్రకారం ఆలస్యం మామూలుగానే ఉంది. వీడియోలో దానికి రెట్టింపు దాటింది. వీడియో లెక్క ప్రకారం బోర్డు ఖాయం. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. కళ్ళకు కనిపించేది వీడియో, నేను దాన్ని మార్చలేదు, కాబట్టి నా మనస్సాక్షి కూడా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

రిపోర్టులో 'నిషేధం సమంజసం' అనే మాట దగ్గర ఉండగా నిజామాబాద్ అమ్మాయి పిలిచింది.

"అన్నా, ఒకసారి ఇటు రా. ఈ లెక్క నాకు సమజైతలేదు."

"ఏమైంది?"

"పొద్దుగాల, సాయంత్రం ఆఫీసుల టైంల డిలే మంచిగనే ఉంది. మొత్తం పెరుగుడు పదకొండు గంటలట్ల పెరుగుతున్నది. ఆ టైంల రోడ్డు మీద కుక్క గూడ ఉండది. ఎవరన్నా వీళ్ళు?"

వీడియో తిప్పింది. చూస్తే కుడి వరస నిండా పసుపు రంగు ఎల్ ప్లేట్లు. నేర్చుకునేవాళ్ళు. పైగా వచ్చిన కారే మళ్ళీ వస్తోంది. కుడికి తిరిగి, లోపల పార్కు చుట్టి, మళ్ళీ వచ్చి వరసలో నిలబడుతోంది. మా కెమెరాకు అదంతా తెలియదు. వచ్చిన ప్రతిసారీ కొత్త కారని లెక్క వేసింది. నాలుగైదు కార్లు కలిసి ఒక ఊరి జనాభా అంత ట్రాఫిక్ సృష్టించాయి.

"గీ తెల్ల కారు సూడు అన్నా" అంది ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ. "బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన్రు. మన తెలుగోళ్ళే. ఇంత సందుల బస్సు తిప్పి, మళ్ళ వెనకకి తిప్పొచ్చు. ఆమె కదుల్తనే లేదు. ఈమె తెగింపు ఏం వెయ్యాలె? ఇన్ఫినిటీ వెయ్యాల్నా?"

బొమ్మ ఆపి పెద్దది చేసింది. స్టీరింగ్‌ని రెండు చేతులతో, బిందె పట్టుకున్నట్టు పట్టుకుని, పెదవులు బిగించి ఎదురుగా చూస్తున్న మనిషి. పక్కన తెల్లజుట్టు ఇన్‌స్ట్రక్టర్.

"ఈ అక్కను నేను యాడనో చూసిన" అందా అమ్మాయి.

"మా ఇంట్లో చూసుంటావు. పోయిన నెల నీకు పులిహోర పెట్టింది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. తర్వాత రెట్టింపుగా మొదలైంది.

స్టీరింగ్ ముట్టనన్న మనిషి రోజూ పదకొండింటికి, లైబ్రరీకి వెళుతున్నానని చెప్పి, మా ఇంటి తెల్ల కారులోనే అత్తగారి చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. మేం కొలిచిన ఆలస్యంలో మంచి వాటా ఒక్క మా ఇంటిదే. నా రిపోర్టులో నేను సైంటిఫిక్‌గా నిరూపించింది ఏమిటంటే, మా ఆవిడ నెమ్మదిగా తిరుగుతుందని.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, కాఫీ తాగాక, ఏమీ ఎరగనట్టు అడిగాను. "లైబ్రరీలో ఏం పుస్తకం చదువుతున్నావు?"

ఆవిడ ఒక క్షణం నా ముఖం చూసింది. "కెమెరా పెట్టారా?"

"జంక్షన్‌కి పెట్టాం. నీకు కాదు."

"చూస్తే చూశారులెండి. మీరు పక్కన కూర్చుంటే కారు నడిపినట్టు ఉండదు, వైవా పరీక్షకు కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ నోరెత్తడు. సందు పోతే 'పోనీ అమ్మా, ఇంకోటి వస్తది' అంటాడు. అంతే."

"బోర్డు పడేదాకా ముట్టనన్నావు?"

"బోర్డు పడకపోతే ఎలా అని భయం వేసింది" అంది కప్పు తీస్తూ. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "ఇప్పుడేం రాస్తారు?"

నిజం రాస్తే బోర్డు ఉండదు. బోర్డు లేకపోతే మూడో టెస్టు అదే మలుపు మీదుగా. పోతే ఉద్యోగం పోతుంది. "నేర్చుకునేవాళ్ళ కార్లను విడదీసి మళ్ళీ లెక్క వేయాలి. నీలాంటి వాటిని మా భాషలో అవుట్‌లయర్ అంటారు" అన్నాను.

"అంటే?"

"అంటే, మిగతావాళ్ళకు పూర్తిగా విడ్డూరంగా ఉండేవి. లెక్కలోంచి తీసేస్తాం."

"ఇన్నేళ్ళు కాపురం చేశాక ఇప్పుడు తీసేస్తారా?"

నవ్విందా, కోపమా అని చూశాను. రెండూ ఉన్నాయి. గిన్నెలు సర్దుతూ, నా వైపు తిరక్కుండానే, "రాయండి" అంది. "ఆ లోపల ఇళ్ళల్లో నేను వెళ్ళాల్సిన ముసలావిడ ఒకావిడ ఉంది. బోర్డు పెడితే రోజూ ఊరు చుట్టి వెళ్ళాల్సింది నేనే. కానీ ఓడిపోతే మాత్రం వారం రోజులు మీరే వండాలి. ఉప్మా కాకుండా."

మర్నాడు బాస్‌కి వీడియో చూపించాను. ఎవరో చెప్పకుండా చూపిద్దామనుకున్నాను గానీ, నిజామాబాద్ అమ్మాయి ముఖం చూస్తే ఆయనకు అనుమానం వచ్చింది. చెప్పాక ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత సీరియస్‌గా ఒక మాట అన్నాడు. "నేర్చుకునేవాళ్ళు కూడా మనుషులే. వాళ్ళు ఆగడం కూడా ఆగడమే. పూర్తిగా తీసేస్తే అది కూడా నిజం కాదు. ఒకసారి వచ్చినవాణ్ణి ఒకసారే లెక్కపెట్టు. ఇంకోరోజు మనమే నిలబడి మళ్ళీ కొలుద్దాం." ఈ వృత్తిలో నాకు ఎవరూ అంతకంటే పనికొచ్చే మాట చెప్పలేదు. కుర్రాళ్ళూ, అవుట్‌లయర్‌ను కొట్టేసే ముందు అదెవరో ఒకసారి చూడండి. ఎవరింట్లోనో పులిహోర చేసే మనిషి అయ్యుండొచ్చు.

అధికారులను ఇంకో వారం గడువు అడిగి, క్యాలెండర్ చూసి, "బుధవారం ఖాళీగా ఉంది" అన్నాడు బాస్. మా ఆవిడ టెస్టు కూడా ఆ బుధవారమే. నేను నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, బుధవారమనే రాసుకున్నాను. రోజు మార్చమని అడిగితే అది కూడా లెక్కలో చెయ్యి పెట్టడమే అనిపించింది.

ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేశాను, ఆ ఒక్కరోజు ఆయన శిష్యులను వేరే చోటికి తీసుకెళ్ళమని అడగడానికి. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. తాతల కాలంలో చెరకు తోటలకు వెళ్ళిన కుటుంబం. వాళ్ళ అవ్వ దగ్గర నేర్చిన తెలుగును జాగ్రత్తగా, ఎక్కడ పగులుతుందో అన్నట్టు మాట్లాడతాడు.

"తీసుకుపోతా బాబూ. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి నడపటం నేర్పక్కర్లేదు. ఆగటం నేర్పాల. మీ ఇంటావిడ ఉల్టా. ఆమెకి ఆగటం ఒక్కటే వచ్చు."

"పాసవుతుందా?"

"గీత దగ్గర ఆగద్దు, నడిమికి వెళ్ళి ఆగు అని చెప్పినా. సందు దొరికిందా, మంచిది. దొరకలేదా, పసుపు దీపం పడతది. అప్పుడు ఎదుటోళ్ళు ఆగతారు. అప్పుడు నువ్వే రాణివి. అంతకంటే నా కాడ మంత్రం లేదు."

మా సాఫ్ట్‌వేర్‌లో కూడా అలాంటివాళ్ళకొక లెక్క ఉంది. నడిమికి వెళ్ళి నిలబడి, పచ్చ పోతూ ఉండగా తిరిగేవాళ్ళు. ప్రతి పచ్చకూ ఒకరిద్దరు అలా వెళతారని వేసుకుంటాం. మలుపులో ఎన్ని కార్లు దాటతాయనేది వాళ్ళ మీదే ఆధారపడుతుంది. ఇది నాకు తెలుసు. ఎన్నో రిపోర్టుల్లో రాశాను. మా ఆవిడకు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. పక్కన కూర్చుని "ఇప్పుడు, ఇప్పుడు" అన్నానే గానీ.

బుధవారం సన్నగా తుంపర. నేనూ, నిజామాబాద్ అమ్మాయీ, బాసూ నిగనిగలాడే పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని జంక్షన్ మూల మీద, సిగ్నల్ కంట్రోల్ పెట్టె పక్కన నిలబడ్డాం. ఎల్ ప్లేట్లు దాదాపు లేవు. పని హాయిగా సాగుతోంది. వచ్చిన కారు వచ్చినట్టు ఆగి, తిరిగి, వెళ్ళిపోతోంది. సాఫ్ట్‌వేర్ చెప్పినదానికి దగ్గరగానే ఉంది.

"అన్నా" అంది ఆ అమ్మాయి మెల్లగా. "నిమ్మకాయలు."

తెల్ల కారు. మా ఆవిడ, పక్కన పరీక్షకుడు. పచ్చ పడింది. కారు గీత దాటింది. నడిమికి వచ్చి, చక్రాలు తిన్నగా పెట్టి ఆగింది. ఎదుట కార్ల వరస పెద్దది. ఒక సందు వచ్చింది. నేనైతే వెళ్ళేవాణ్ణి, ఆవిడ వెళ్ళలేదు. ఇంకో చిన్న సందు. వెళ్ళలేదు. వెనకాల ఒకడు హారన్ కొట్టాడు. అప్పుడు ఎదురుగా ఒక పెద్ద లారీ, తన ముందున్న వరస కదలక, ఆగింది. డ్రైవరు నవ్వుతూ రమ్మని చెయ్యి ఊపాడు. రెండో టెస్టులో ఏం జరిగిందో సరిగ్గా అదే. లారీ అవతల ఏముందో మాకూ కనిపించడం లేదు. నేను అక్కడే నిలబడి, కన్నార్పకుండా చూశాను. ఆవిడ ఆ లారీవాడికి మర్యాదగా ఒక చెయ్యి ఎత్తి, కదలకుండా ఉంది. లారీ చాటునుంచి ఒక వ్యాను సర్రున దూసుకుపోయింది.

లారీవాడు ఊపిన చెయ్యి దించుకున్నాడు. వెనకాల హారన్ ఆగిపోయింది. దీపం పసుపుకు మారింది. ఎదుటి కార్లన్నీ ఆగాయి. అప్పుడు, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచినంత నిదానంగా, మా ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది.

బాస్ ఆ కారు పోయినవైపే చూస్తూ, "షీ'ల్ బీ రైట్" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ప్రింటరు గురించీ, పైకప్పు గురించీ విన్న మాట. ఆ రోజు మొదటిసారి అందులో 'ఆమె' నాకు వినిపించింది.

"అన్నా, ఇయ్యాల మొత్తంల ఇదే పెద్ద డిలే" అంది నిజామాబాద్ అమ్మాయి పెన్ను పైకెత్తి. "అవుట్‌లయరే. తీసెయ్యాల్నా?"

"ఉంచు" అన్నాను.

ఫలితం చెప్పమని ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. ఉప్మా కాకుండా నాకు ఏం వండటం వచ్చో ఆలోచిస్తూ మధ్యాహ్నమంతా గడిపాను. సాయంత్రం ఆఫీసు బయటికి వస్తే తెల్ల కారు ఆగి ఉంది. లోపల ఒక్కతే ఉంది. పక్క సీటు ఖాళీ. ఎల్ ప్లేటు పీకేసిన చోట అద్దం మీద చదరంగా జిగురు మరక.

"ఎక్కండి" అంది.

దగ్గరి దారి వదిలేసి అత్తగారి మీదుగా తీసుకెళ్ళింది. నడిమికి వెళ్ళి ఆగాం. ఎదుటి వరసలో మంచి సందు వచ్చింది. నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడకుండానే రేడియో సౌండు పెంచింది.

ఆ వారం మా రిపోర్టు వెళ్ళింది. సారాంశం ఒకే వాక్యం: ఈ జంక్షన్‌లో ఏ మార్పూ అవసరం లేదు. 'ఏమీ చేయొద్దు' అని రాయడానికి అంత చెమట పట్టిన సందర్భం నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. బోర్డు రాలేదు. మన ఆడవాళ్ళు ఇప్పటికీ అక్కడ నిలబడి తిట్టుకుంటున్నారు. మా ఆవిడ మాత్రం పొద్దున్నే ఆ మలుపు తిరిగి, లోపల ముసలావిడకు జడ వేసి వస్తోంది.

ఇక గోంగూర జాడీ సంగతి. ఇది రాసి ఆవిడకు చదివి వినిపించాను. విని, జాడీ తీసి తన వైపు జరుపుకుంది. అందుచేత ఒప్పుకోక తప్పదు. ఇందులో ఒకటి నేను కల్పించాను. మీరు సీగల్ అనుకుంటున్నారేమో. సీగల్ నిజం. టెగింపూ నిజం. నిమ్మకాయలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కల్పించింది 'అక్కడే నిలబడి, కన్నార్పకుండా చూశాను' అన్న వాక్యం.

తెల్ల కారు గీత దాటగానే నేను సిగ్నల్ పెట్టె వెనక్కి వెళ్ళి, రోడ్డుకు వీపు పెట్టి, కూర్చుండిపోయాను. హారన్ విన్నాను. వ్యాను విన్నాను. లారీ, చెయ్యి ఊపడం, ఆవిడ చెయ్యి ఎత్తడం, అదంతా నిజామాబాద్ అమ్మాయి పైనుంచి కామెంటరీ చెబుతుంటే తెలిసింది. బాస్ మాట కూడా అక్కడ కూర్చునే విన్నాను. ఊరందరి తెగింపునూ కొలిచినవాడి తెగింపు ఆ రోజు అంతే ఉంది. ఆ పూటంతటిలోకీ పెద్ద ఆలస్యాన్ని కొలిచింది నేను కాదు.

ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆవిడకు తెలియదనుకున్నాను. జాడీ మూత తీసి నా కంచంలో ఒక చెంచా వేస్తూ అంది: "నడిమి నుంచి నాకు మొత్తం కనిపించింది. మైలు దూరానికి మెరిసే పసుపుపచ్చ జాకెట్ వేసుకుని దాక్కునే మనిషి ఈ దేశం మొత్తానికి మీరొక్కరే."